జూలై తర్వాత కనపడకుండా పోయిన ఓనర్లకీ, మన ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ కమిషనర్ అన్నకీ ఒక బహిరంగ లేఖ

కమిషనర్ అన్నా, ముందు నీకు నమస్కారం, తర్వాత లీగ్‌లో ఉన్న మిగతా పదిమందికీ. వాట్సాప్‌లో పెడితే మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు పెడతారు, ఇంకెవరో పటేల్ బ్రదర్స్‌లో బంగినపల్లి వచ్చిందంటారు, అసలు సంగతి పైకెళ్లిపోయి ఎవడూ చదవడు, అందుకే ఇలా పొడుగ్గా అందరికీ కనపడేలా రాస్తున్నా.

వచ్చే ఏడాది నుంచి ఫాంటసీ బేస్‌బాల్ ఆపేసి ఒక్క ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఫాంటసీ ఆడుకుందాం, సీజన్ మరీ పొడుగైపోతోంది అని నువ్వు పోల్ పెట్టావు. ఆపేద్దాం అని ఐదు ఓట్లు పడ్డాయి. ఆ ఐదుగురిలో ముగ్గురు ఎవరో చూశావా అన్నా? ఛార్లెట్ తమ్ముడు, శాన్‌హోసే మామ, షికాగో బావ. అంటే సీజన్ సగంలో టీమ్‌ని గాలికి వదిలేసిన ముగ్గురూ. ఆట పొడుగైందని చెప్పేది ఆ ఆట చివరిదాకా ఆడని వాళ్లు. పెళ్లికొచ్చి తాళి కట్టకముందే భోంచేసి వెళ్లిపోయినవాడు పెళ్లి సాగదీశారు అన్నట్టుంది నాకైతే.

బయటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి మన ఆట ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. మార్చిలో డ్రాఫ్ట్ పెట్టుకుని పన్నెండు మందిమి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లని వంతులవారీగా పంచుకుంటాం, వాళ్లు నిజం గేముల్లో ఏం చేస్తే అది మన ఖాతాలో పడుతుంది. పది కేటగిరీలు: బ్యాటింగ్‌లో రన్స్, హోమ్‌రన్స్ (మన సిక్సర్ లాంటివి), ఆర్‌బీఐ (వాడు కొట్టిన దెబ్బకి వచ్చిన రన్స్), స్టోలెన్ బేసెస్ (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం), యావరేజ్ (ఎన్నిసార్లు ఆడితే ఎన్ని హిట్లు), పిచింగ్‌లో, అంటే బంతి వేసేవాళ్లకి, విన్స్, సేవ్స్ (గెలుపుని చివర్లో కాపాడటం), స్ట్రైకౌట్స్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం), ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్స్, తక్కువుంటే మేలు), విప్ (ఇన్నింగ్‌కి ఎంతమందిని బేస్ ఎక్కనిచ్చాడో). ఒక్కో కేటగిరీలో ఫస్ట్ వచ్చినవాడికి 12 పాయింట్లు, లాస్ట్ వాడికి 1. అన్నీ కూడితే సీజన్ ఆఖర్లో ఎవడు పైనుంటే వాడిదే స్టీల్ బిందె, పేరు కొట్టించి ఇస్తాం, మన ట్రోఫీ అదే. ఈ పద్ధతిని రోటో అంటారు, 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే ఆయన న్యూయార్క్‌లో స్నేహితులతో మొదలెట్టాడు, వాళ్లు కలుసుకునే రెస్టారెంట్ పేరు లా రోటిస్సెరీ ఫ్రాంసేజ్, ఆ పేరే ఆటకి మిగిలిపోయింది. అప్పట్లో యాప్ లేదు, పేపర్లో అంకెలు చూసి చేత్తో లెక్కలు కట్టుకునేవాళ్లు. మనకి ఫోన్ తీసి ఒక్కసారి నొక్కితే అయిపోయే పనికి టైం లేదట.

సరే, 2025 సీజన్‌కి వద్దాం. డ్రాఫ్ట్ మార్చి 23 ఆదివారం, ఉగాదికి సరిగ్గా వారం ముందు. ఆరోజు అందరూ ఎంత హుషారుగా ఉన్నారో గుర్తుందా? శాన్‌హోసే మామ అయితే మూడు స్క్రీన్లు పెట్టుకుని కూర్చున్నాడు, పన్నెండో స్లాట్, అంటే చివరి వంతు వచ్చింది, రెండో రౌండ్ మళ్లీ అక్కణ్ణించే మొదలు కాబట్టి వరసగా రెండు పిక్‌లు, పాల్ స్కీన్స్, యోర్డాన్ అల్వారెజ్, తర్వాతి టర్న్‌లో గారెట్ క్రోషే, కోర్బిన్ బర్న్స్. ఆ పైన జపాన్ నుంచి కొత్తగా వచ్చిన రోకి ససాకిని కూడా అందరికంటే ముందే ఎత్తుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆరోజు ఆ టీమ్ చూసి నాకు కడుపు మండింది. గెరిట్ కోల్‌కి మార్చిలోనే మోచేతి ఆపరేషన్ అయ్యింది కదా, ఆ పేరు అప్పటికే లిస్టులోంచి పోయింది, ఇంక పిచింగ్ అంతా మామదే అనుకున్నాం.

ఏమైంది? అల్వారెజ్‌కి చెయ్యి విరిగింది, మే మొదట్లో వెళ్లినవాడు ఆగస్టు చివరికి గానీ రాలేదు, సెప్టెంబర్లో చీలమండ బెణికి మళ్లీ పోయాడు, మొత్తం సీజన్ 48 గేములు, 6 హోమ్‌రన్లు. బర్న్స్‌కి జూన్‌లో టామీ జాన్ సర్జరీ, అదే మోచేతి లిగమెంట్ ఆపరేషన్. ససాకి మేలో భుజం నొప్పని వెళ్లి సెప్టెంబర్ ఆఖర్లో రిలీవర్‌గా (గేము మధ్యలో వచ్చే పిచర్‌గా) తేలాడు. మామ జూన్‌లోనే దండం పెట్టేశాడు. నాకు అర్థమవుతుంది మామా, నిజంగా అర్థమవుతుంది, అంత డ్రాఫ్ట్ చేసుకుంటే ఇలా అయితే ఎవరికైనా విసుగే. కానీ నువ్వు వదిలేశాక నీ టీమ్ ఏం చేసిందో నువ్వు చూడలేదు, అందుకే చెప్తున్నా.

నీ లైనప్‌లో స్కీన్స్, క్రోషే, ఆరోల్డిస్ చాప్‌మన్ ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. మిగతా మేమంతా స్ట్రైకౌట్ల కోసం, విన్స్ కోసం వేవర్ (ఎవరి టీమ్‌లోనూ లేని ఆటగాళ్ల లిస్టు) నుంచి ఎవడో ఒక పిచర్‌ని తెచ్చి ఒక్కరోజు ఆడించి వదిలేసే పని చేస్తాం కదా, వాడు నాలుగు ఇన్నింగ్స్‌లో ఆరు రన్స్ ఇచ్చి మా ఈఆర్ఏ నాశనం చేసి పోతాడు. నీకు ఆ బాధ లేదు. స్కీన్స్ ఈఆర్ఏ 1.97, క్రోషే 2.59, చాప్‌మన్ 1.17. ఎవడూ ముట్టుకోని నీ టీమ్ ఈఆర్ఏలో లీగ్‌కే రెండో స్థానంలో కూర్చుంది! నిద్రపోతున్నవాడు మెలకువగా ఉన్నవాళ్లకి పాయింట్లు తగ్గించాడు. అదే టైంలో నీ బ్యాటింగ్‌లో సగం స్లాట్లు ఐఎల్ (గాయపడ్డవాళ్ల లిస్టు) వాళ్లతో నిండిపోయి స్టోలెన్ బేసెస్ అంకె జూన్‌లో ఎక్కడుందో ఇంచుమించు అక్కడే ఉండిపోయింది. ఆ స్టోలెన్ బేసెస్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

స్కీన్స్ పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. ఆయన 1.97 ఈఆర్ఏతో, 216 స్ట్రైకౌట్లతో బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఒక్క ఓటు కూడా పోకుండా గెలిచాడు, విన్స్ మాత్రం 10, లాసెస్ 10. ఆయన టీమ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ 71 గెలిచి 91 ఓడింది, బ్యాట్ పట్టుకున్నవాడు రన్స్ కొట్టకపోతే పిచర్ ఏం చేస్తాడు. అందుకని విన్స్ కేటగిరీ తీసేసి క్వాలిటీ స్టార్ట్స్ (టీమ్ గెలిచినా ఓడినా పిచర్ బాగా వేస్తే వచ్చేవి) పెడదాం అని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. విన్స్ అన్యాయమైన కేటగిరీయే, కాదనను, కానీ పైరేట్స్ ఎలాంటి టీమో డ్రాఫ్ట్ రోజు మనకి తెలీదా? తెలిసే తీసుకుంటాం, విన్స్ వేరే చోట వెతుక్కుంటాం, మ్యాక్స్ ఫ్రీడ్‌కి వెనకాల యాంకీస్ టీమ్ ఉంది, 19 గెలిచాడు. అదే కదా ఆటంటే.

ఇప్పుడు ఛార్లెట్ తమ్ముడి కథ. తమ్ముడూ, నీ మీద కోపం లేదు గానీ ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏప్రిల్ 23న అథ్లెటిక్స్ అనే టీమ్ వాళ్లు నిక్ కర్ట్జ్‌ని మైనర్ లీగ్ నుంచి పైకి పిలిస్తే మాకందరికంటే ముందు వేవర్‌లో పట్టింది నువ్వే, శభాష్ అన్నాం కూడా. ఆ టీమ్ అప్పటికి ఓక్లాండ్ వదిలేసి శాక్రమెంటోలో మైనర్ లీగ్ గ్రౌండ్‌లో ఆడుతోంది, అక్కడ బంతి బాగా ఎగురుతుంది, అది కూడా లెక్కేసుకునే తీసుకున్నావు. మే చివర్లో వాడికి తుంటి దగ్గర పట్టేస్తే ఐఎల్ స్లాట్‌లో పెట్టావు. కరెక్టే. జూన్‌లో వాడు తిరిగొచ్చాడు. నువ్వు రాలేదు. జూలై 4 వారం నోవైలో తానా సభలు, టాంపాలో నాట్స్ సంబరాలు, సగం లీగ్ అక్కడో ఇక్కడో తిరుగుతోంది, ఫొటోల్లో నువ్వు పట్టుపంచెలో మెరిసిపోతున్నావు, తర్వాత పిల్లల సెలవులని ఇండియా వెళ్లిపోయావు.

జూలై 25 శుక్రవారం, హ్యూస్టన్‌లో గేమ్. కర్ట్జ్ ఆరుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఆరూ హిట్లే కొట్టాడు. అందులో నాలుగు హోమ్‌రన్లు. 8 ఆర్‌బీఐ, 6 రన్స్. ఒకే గేములో నాలుగు హోమ్‌రన్లు కొట్టిన మొదటి రూకీ (మొదటి ఏడాది ఆటగాడు), అంతకుముందు మేజర్ లీగ్ చరిత్రలోనే ఏ రూకీ చెయ్యని పని. మొత్తం 19 బేసెస్, 2002లో షాన్ గ్రీన్ పెట్టిన రికార్డుతో సమానం. ఆ రాత్రి మన లీగ్‌లో ఆ నాలుగు హోమ్‌రన్లు ఎవరి ఖాతాలో పడ్డాయి? ఎవరి ఖాతాలోనూ పడలేదు. వాడింకా నీ ఐఎల్ స్లాట్‌లోనే ఉన్నాడు తమ్ముడూ, ఆరోగ్యంగా, సీజన్ అయిపోయేదాకా అక్కడే. 36 హోమ్‌రన్లు, .290 యావరేజ్, రూకీ ఆఫ్ ద ఇయర్, మన లీగ్‌లో మాత్రం పేషెంట్.

నువ్వు ఇండియాలో ఉన్నానంటావు. నేనూ జూన్‌లో తెనాలిలోనే ఉన్నా. న్యూయార్క్‌లో సాయంత్రం ఏడింటి గేము అక్కడ తెల్లవారి నాలుగున్నర, అసలు జెట్‌లాగ్‌లో ఎలాగూ ఆ టైంకే మెలకువ వస్తుంది, లేచి మంచం మీదే లైనప్ సర్దేసి పడుకోవచ్చు. మా నాన్న సుప్రభాతం పెట్టుకునే టైంకి నేను ఫోన్ పట్టుకుని ఉంటే అదేం ఆటరా ఇంతకీ ఎవడు గెలిచాడు అనడిగేవాడు, ఇంకా ఎవరూ గెలవలేదు నాన్నా సెప్టెంబర్ 28కి తెలుస్తుంది అంటే అదోలా చూసేవాడు. అక్కడి మా బాబాయ్ కొడుకుకి అయితే మనమంటే మహా కుళ్లు, తెలంగాణలో 2017 నుంచీ ఆంధ్రాలో 2020 నుంచీ డబ్బులు కట్టి ఆన్‌లైన్‌లో ఆడేవి బంద్, ఆగస్టులో కేంద్రం కొత్త చట్టం తెచ్చాక డ్రీమ్11 వాళ్లు దేశం మొత్తం డబ్బు కాంటెస్టులు ఆపేశారు. మేం కుదరక ఆడట్లేదు, మీరు కుదిరీ ఆడరేంటిరా అన్నాడు వాడు. నిజానికి డబ్బులు పోగొట్టుకునే ఆ ఆటకీ, ఆరునెలలు పదిమంది ఒకళ్లనొకళ్లు తిట్టుకునే మన ఆటకీ సంబంధం లేదు, అయినా వాడి మాట గుచ్చుకుంది.

షికాగో బావ సంగతి మాత్రం వేరు. బావా, నీకు నిజంగానే దిష్టి తగిలింది. సేవ్స్‌లో ఎవడూ నిన్ను ముట్టుకోకూడదని ముగ్గురు పెద్ద క్లోజర్లని (చివరి ఇన్నింగ్ వేసి గేము ముగించే పిచర్లని) పెట్టుకున్నావు, ఇమాన్యుయెల్ క్లాసే, రయన్ హెల్స్‌లీ, మేసన్ మిల్లర్. ప్లాన్ బ్రహ్మాండంగా ఉంది, జూలై 27 దాకా సేవ్స్‌లో ఫస్ట్ నువ్వే. జూలై 28న బెట్టింగ్ విచారణ పేరుతో క్లాసేని మేజర్ లీగ్ సెలవులో పెట్టింది, వాడు మళ్లీ బంతి పట్టలేదు, నవంబర్‌లో ఫెడరల్ కేసు కూడా పెట్టారు. 30న హెల్స్‌లీని కార్డినల్స్ వాళ్లు మెట్స్‌కి పంపేశారు, అక్కడ ఎడ్విన్ డియాజ్ ఆల్రెడీ క్లోజర్, మనవాడికి ఎనిమిదో ఇన్నింగ్ ఇస్తే అందులోనూ చితక్కొట్టించుకున్నాడు. 31న మిల్లర్‌ని అథ్లెటిక్స్ నుంచి పాడ్రెస్ తీసుకెళ్లారు, అక్కడ రాబర్ట్ సువారెజ్ ఉన్నాడు, మిల్లర్ అద్భుతంగా వేశాడు గానీ సేవ్స్ సువారెజ్‌వే. నాలుగు రోజుల్లో ముగ్గురు క్లోజర్లు. నేను ఎన్ని లీగ్‌లు చూశానో గానీ ఇలాంటిది చూడలేదు, నీ స్థానంలో నేనున్నా యాప్ డిలీట్ చేసేవాణ్ణేమో.

కానీ అదే నాలుగు రోజుల్లో మిగతావాళ్లు ఏం చేశారో చూడు. క్లాసే వార్త వచ్చిన పది నిమిషాల్లో ఎడిసన్ వదిన కేడ్ స్మిత్‌ని ఎత్తేసింది, గార్డియన్స్‌లో ఆ తర్వాత సేవ్స్ అతనివే. డురాన్‌ని ట్విన్స్ వాళ్లు ఫిలడెల్ఫియాకి పంపితే అతను అక్కడ క్లోజర్ అయ్యాడు, అంటే ట్రేడ్ అయిన ప్రతివాడూ మునగలేదు, కొందరికి కలిసొచ్చింది. సేవ్స్‌కి హోల్డ్స్ (క్లోజర్‌కి ముందొచ్చి ఆధిక్యం కాపాడినవాడికి ఇచ్చేవి) కూడా కలిపేద్దాం అప్పుడు మిల్లర్ లాంటివాళ్ల విలువ పోదు అని నువ్వు తర్వాత ప్రపోజల్ పెట్టావు, న్యాయంగానే ఉంది, చాలా లీగ్‌లు అలా ఆడతాయి కూడా. నాకు మాత్రం ఇష్టం లేదు బావా. జూలై ఆఖరి వారం ఎవడు మెలకువగా ఉన్నాడో తేల్చేది ఆ సేవ్స్ కేటగిరీయే, దాన్ని మెత్తగా చేసేస్తే ఇంక ఆ వారంలో ఉత్కంఠ ఏముంటుంది. పైగా నువ్వు సేవ్స్ పోయినా మిగతా తొమ్మిది కేటగిరీల్లో నాలుగో స్థానానికి పోటీలో ఉన్నావు, లెక్క వేసి చూశా.

ఇప్పుడు ఆ స్టోలెన్ బేసెస్. టైటిల్ ఎడిసన్ వదినకీ ఫ్రిస్కో బావకీ మధ్య తేలింది, తేడా ఒకటిన్నర పాయింట్. ఫ్రిస్కో బావ ఓపిక ఎలాంటిదంటే, బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే ఒహ్తానీ మన యాప్‌లో ఇద్దరు కదా, బ్యాటర్ ఒహ్తానీ వేరు పిచర్ ఒహ్తానీ వేరు, ఆ పిచర్ ఒహ్తానీని చివరి రౌండ్లలో తీసుకుని జూన్ 16న మళ్లీ బంతి పట్టేదాకా బెంచ్ మీద మోశాడు, అందరం నవ్వాం, ఆయన 47 ఇన్నింగ్స్‌లో 62 స్ట్రైకౌట్లు ఇచ్చిపోయాడు. క్యాల్ రాలీని ఆరో రౌండ్‌లో తీసుకున్నదీ ఫ్రిస్కో బావే. ఒక క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) 60 హోమ్‌రన్లు కొడతాడని ఎవడనుకున్నాడు, క్యాచర్ రికార్డు అంతకుముందు సాల్వడోర్ పెరెజ్‌ది 48, అది దాటాడు, రెండుచేతులా బ్యాటింగ్ చేసేవాళ్లలో మిక్కీ మాంటిల్ 1961లో కొట్టిన 54 దాటాడు, తన టీమ్ మారినర్స్‌లో కెన్ గ్రిఫీ జూనియర్ 56 దాటాడు, సెప్టెంబర్ 24న అరవయ్యోది. మిగతా పదకొండు మందిమి క్యాచర్ స్లాట్‌లో ఎవడో ఒకణ్ణి పెట్టుకుని దేవుడా అనుకుంటుంటే బావకి అక్కడ నుంచి 60 వచ్చాయి.

వదిన దగ్గర ఆరన్ జడ్జ్, హువాన్ సోటో. జడ్జ్ సంగతి చెప్పేదేముంది, .331 యావరేజ్, 53 హోమ్‌రన్లు. అసలు చిత్రం సోటోది. 765 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ తీసుకుని మెట్స్‌కి వెళ్లినవాడు, ముందు ఏడాది మొత్తం మీద 7 బేసెస్ దొంగిలించినవాడు, 2025లో 38 దొంగిలించాడు, నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో ఒక సగం) టాప్‌లో ఓనీల్ క్రూజ్‌తో సమానం. స్పీడ్ ఉన్నవాడు కాదు, పిచర్‌ని చదివి పరిగెత్తడమే. డ్రాఫ్ట్ రోజు ఎవరికీ ఇది తెలీదు, వదినకీ తెలీదు, ఆమే ఒప్పుకుంది.

ఆగస్టు మొదట్లో స్టోలెన్ బేసెస్‌లో వదినది కింద నుంచి రెండో స్థానం, 2 పాయింట్లు. సీజన్ అయ్యేసరికి 5. మధ్యలో దాటిన మూడు టీములు ఎవరివి? మామది, తమ్ముడిది, షికాగో బావది. కదలని మూడు టీములు. ఫ్రిస్కో బావ ఆ కేటగిరీలో ఎప్పుడో ఆ ముగ్గురి పైనే ఉన్నాడు కాబట్టి వాళ్లు నిద్రపోయినా ఆయనకి కలిసొచ్చింది సున్నా. చివరికి తేడా ఒకటిన్నర, వదిన ఆ మూడు టీముల మీద సంపాదించింది మూడు. ఇంకో పక్క ఈఆర్ఏలో నిద్రపోతున్న మామ టీమ్ ఫ్రిస్కో బావని దాటి ఒక పాయింట్ లాక్కుంది, వదిన ఈఆర్ఏలో ఎలాగూ కిందే ఉంది, ఆమెకి నష్టం లేదు.

వదినా, మీ గెలుపు మీద నాకు ఒక్క ముక్క అనుమానం లేదు. మీరు ఆడారు, ఆఖరి ఆదివారం దాకా ఆడారు, సోటో కదిలాడు కాబట్టి దాటారు, ఆ టీములు నడుస్తున్నా ఇద్దర్నైనా దాటేవారేమో. కానీ ఆ "ఏమో" ఎవరూ తేల్చలేరు కదా, అదే నా బాధ. బిందె మీద పేరు కొట్టించేటప్పుడు మీరే అన్నారు, పక్కన చిన్న చుక్క కూడా పెట్టించండని. జోకే, అందరం నవ్వాం, ఫ్రిస్కో బావ మాత్రం నవ్వలేదు.

ఇంకోటి. వదిలేసినవాళ్లు ఏం పోగొట్టుకున్నారో కూడా చెప్పాలి. ఆగస్టు 28న నా టీమ్‌లో ఉన్న కైల్ ష్వార్బర్ ఒకే గేములో నాలుగు హోమ్‌రన్లు, 9 ఆర్‌బీఐ, ఆరోజు నా టీమ్ ఆర్‌బీఐలో రెండు స్థానాలు ఎగిరింది, ఇంట్లో నేను అరిచిన అరుపుకి పిల్లలు భయపడ్డారు. మీరందరూ ఆ వారం ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ షీట్లు రంగులేసుకుంటున్నారు. జూన్ మధ్యలో బేస్‌బాల్ మొత్తానికి బెస్ట్ రికార్డ్ ఉన్న మెట్స్ చివరి రోజు మయామీ చేతిలో ఓడి ప్లేఆఫ్స్ కూడా ఎక్కలేదు, 83 గెలిచిన సిన్సినాటి లోపలికెళ్లింది. డెట్రాయిట్ మీద 15న్నర గేములు వెనకబడిన క్లీవ్‌లాండ్ డివిజన్ గెలిచింది. ట్రే టర్నర్ .304తో నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు, ఆ లీగ్ మొత్తంలో .300 దాటినవాడు అతనొక్కడే, మన యావరేజ్ కేటగిరీ చివరి వారం ఎందుకంత టైట్‌గా ఉందో ఇప్పుడర్థమైందా? ఇవన్నీ అయ్యాక అక్టోబర్ 27న వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్, బ్లూ జేస్ పద్దెనిమిది ఇన్నింగ్స్ ఆడితే మాత్రం అందరూ గ్రూప్‌లో ప్రత్యక్షం, ఒహ్తానీ దేవుడు, ఫ్రీమన్ దేవుడు అని మీమ్స్. అంటే బేస్‌బాల్ మీద ఇష్టం లేక కాదు. మీకు ఇష్టమే, నాకు తెలుసు. చివర్లో ఉన్నప్పుడు రోజూ చూసుకోవాలని అనిపించట్లేదు, అంతే.

దానికి ఆట ఆపెయ్యక్కర్లేదు అన్నా, చివర్లో ఉన్నవాడికి కూడా ఆడటానికి ఒక కారణం ఇస్తే చాలు. ఇప్పుడు మన పద్ధతి ఏంటి, లాస్ట్ వచ్చినవాడికి వచ్చే ఏడాది మొదటి పిక్. అంటే వదిలేస్తే బహుమతి! ఆ లెక్కన ఛార్లెట్ తమ్ముడు ఈసారి ఒహ్తానీనో జడ్జ్‌నో మొదటి పిక్‌లో తీసుకోబోతున్నాడు, కర్ట్జ్‌ని ఐఎల్‌లో ఎండబెట్టినందుకు. ఇది మార్చు. ప్రైజ్ మనీ మొదటి ముగ్గురికి ఎలాగూ ఉంది. నాలుగో స్థానంలో వచ్చినవాడికి వచ్చే ఏడాది డ్రాఫ్ట్ స్లాట్ ముందుగా ఎంచుకునే హక్కు ఇయ్యి, తర్వాత ఐదో వాడికి, అలా పన్నెండు దాకా, ఆ తర్వాత ప్రైజ్ తీసుకున్న ముగ్గురు. అప్పుడు తొమ్మిదిలో ఉన్నవాడు ఎనిమిదికి, ఎనిమిదిలో ఉన్నవాడు ఏడుకి కొట్టుకుంటాడు, సెప్టెంబర్ ఆఖరిదాకా ఎవడూ నిద్రపోడు. కీపర్లు (వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకునే ఆటగాళ్లు) పెట్టక్కర్లేదు, పెనాల్టీలు అక్కర్లేదు, మనలో మనకి ఫైన్లు వేసుకుంటే అది వేరే గొడవ.

ఇండియా వెళ్లేవాళ్లకి, కొత్త ఉద్యోగంలో చేరేవాళ్లకి, ఇంట్లో పాపో బాబో పుట్టినవాళ్లకి ఇంకో దారి ఉంది, యాప్‌లో కో-మేనేజర్‌ని పెట్టుకోవచ్చు. లీగ్‌లో లేని ఫ్రెండ్ ఎవరినైనా పెట్టండి, మా ఆవిడ కూడా రెడీ, నాకంటే బాగా ఆడుతుందని ఆమె నమ్మకం. పది రోజులు ఎవరూ లైనప్ తెరవకపోతే కమిషనర్‌గా నువ్వే ఐఎల్‌లో కోలుకున్నవాళ్లని లోపల పెట్టెయ్యి, అంతకుమించి ఏం చెయ్యొద్దు, ట్రేడ్లు వేవర్లు ముట్టుకోవద్దు. అలా చేస్తే పక్షపాతం అంటారేమో అని నీ భయం, గ్రూప్‌లో ముందే ఒప్పుకుని రాసిపెట్టుకుందాం, ఎవరూ అనరు.

పోల్ మళ్లీ పెట్టు అన్నా. ఈసారి ఆపేద్దామా అని కాదు, డ్రాఫ్ట్ ఆర్డర్ మారుద్దామా అని. 2026లో ఉగాది మార్చి 19న, గురువారం, సీజన్ ఆ తర్వాతి వారం, మధ్యలో 22 ఆదివారం డ్రాఫ్ట్‌కి సరిగ్గా సరిపోతుంది. 2026 నుంచి అంపైర్ చెప్పే బాల్, స్ట్రైక్ మీద ఛాలెంజ్ కూడా వస్తోంది, మనకి డీఆర్ఎస్ అలవాటే కాబట్టి దాని గురించి గంటలు గంటలు వాదించుకోవచ్చు, అది ఏ పిచర్‌ని ముంచుతుందో ఏ బ్యాటర్‌కి కలిసొస్తుందో ఎవడికీ తెలీదు, డ్రాఫ్ట్‌లో అదొక మజా. ఎంట్రీ ఫీజు నేను నీకు ఇవాళే జెల్‌లో (ఫోన్లో డబ్బు పంపే సర్వీస్) పంపేస్తున్నా, ఒకవేళ ఆపేద్దాం అనే నెగ్గితే తిరిగి పంపొద్దు, నలుగురం దొరికినా ఆడుకుంటాం.

ఇంకో మాట, ముందే చెప్తున్నా, తర్వాత ఏడవద్దు: కర్ట్జ్‌ని ఈసారి నేను తీసుకుంటున్నా. తమ్ముడూ, నీ వంతు నా కంటే ముందొస్తే దయచేసి వదిలెయ్యి, నీ దగ్గర వాడికి ఆరోగ్యం బాగుండదు.